పుంజు జుట్టు, పెట్ట రంగు: పెరటి కోళ్లను జత కట్టించే లెక్క

గుడ్డులోంచి లేచిన పిల్లను ఒళ్లు ఆరాక ఎడమ చేతిలోకి తీసుకోండి. కుడి బొటనవేలు నీళ్లలో ముంచి, ముక్కు పైనుంచి నుదుటి వైపు నూగును మెల్లగా పక్కకు నిమరండి. ఫోన్ టార్చి పైనుంచి కాకుండా పక్కనుంచి వేయించండి. సన్నగా దారప్పోగులా ఒకటే గీత లేచి కనిపిస్తే ఆ పిల్లకు పెద్దయ్యాక రంపం జుట్టు, అంటే తల మీద రంపంలా నిలబడే తురాయి, వస్తుంది. గీత బదులు కాస్త వెడల్పుగా, చదునుగా ఉండి అందులో మూడు వరసలు పోల్చుకోగలిగితే అది పొట్టి జుట్టు పిల్ల. ఈ ఒక్క సంగతి చూడటం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంతకుముందు నెలల తరబడి మేపి, జుట్టు ఎదిగాక తెలుసుకునేదాన్ని.

మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోటలో నలభై దాకా నాటు కోళ్లున్నాయి. మొదటి పెట్టలు మా అత్తయ్యగారు ఇచ్చినవి. పందేల కోసం నేను పెంచను. చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. గుడ్లకూ ఇంట్లో కూరకూ పెంచుతాను. దానితోపాటు పొద్దున్నే గూడు తలుపు తీయగానే ఒక వరసలో దిగే కాకి, డేగ, పర్ల రంగులు చూడటం నాకు చాలా ఇష్టం. ఆ రంగులు తోటలోంచి పోకుండా నిలుపుకోవాలనే ఈ లెక్కంతా నేర్చుకున్నాను.

జుట్టు రకాలు

రంపం జుట్టు అంటే నిటారుగా, పళ్లు పళ్లుగా నిలబడేది. మన ఊళ్లలో తిరిగే నాటు పెట్టల్లో ఎక్కువ శాతం ఇదే. తెల్ల లెగ్‌హార్న్‌కీ, కడక్‌నాథ్‌కీ ఇదే ఉంటుంది. పొట్టి జుట్టు తలకు అతుక్కుని మూడు వరసల బుడిపెలుగా ఉంటుంది. అసీల్ కోడికి ఉండేది ఇదే. పుస్తకాల్లో దీన్ని బఠాణీ తురాయి అంటారు. గులాబీ తురాయి వెడల్పుగా, పైన గరుకుగా ఉండి వెనక ఒక ముల్లులా సాగుతుంది. ఇది మన నాటు కోళ్లది కాదు, వయాన్‌డాట్ లాంటి విదేశీ జాతులతో వస్తుంది. నాలుగోది అక్రోటు జుట్టు. పగలగొట్టిన అక్రోటు పప్పులా ముద్దగా ఉంటుంది. సిల్కీ కోళ్ల తల మీద చూసే ఉంటారు.

పొట్టి జుట్టు గుణం తల మీదతో ఆగదు. ఆ కోడికి గడ్డం కింద వేలాడే తమ్మెలు కూడా చిన్నవిగా ఉంటాయి. రొమ్ము ఎముక మీద తోలు ఒక దారిలా దళసరిగా తగులుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొందరు పుంజుకు జుట్టు కత్తిరించి అమ్మకానికి తెస్తారు. అలాంటప్పుడు తమ్మెలు చూడండి, రొమ్ము మీద వేలితో నిమిరి చూడండి. రంపం జుట్టు పుంజుకు జుట్టు కోసేసినా తమ్మెలు పొడుగ్గా వేలాడుతుంటాయి.

చింతపిక్కలు, ఈతగింజలు

మా అమ్మాయి పదో తరగతిలో అనువంశికత పాఠం చదువుతూ గళ్ల పట్టిక గీసుకుంటుంటే, ఇదేదో మన కోళ్లకూ పనికొచ్చేలా ఉందే అన్నాను. అది వంటింట్లోంచి చింతపిక్కలూ, ఈతగింజలూ తెచ్చి నేల మీద పెట్టి చెప్పింది. ఇప్పటికీ నేను ఎవరికి చెప్పినా అలాగే చెబుతాను.

ప్రతి కోడి దగ్గరా జుట్టు కోసం రెండు గింజలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. చింతపిక్క పొట్టి జుట్టుకు, ఈతగింజ రంపం జుట్టుకు అనుకోండి. రెండూ చింతపిక్కలైతే పొట్టి జుట్టు. ఒకటి చింతపిక్క, ఒకటి ఈతగింజ అయినా పొట్టి జుట్టే. రెండూ ఈతగింజలైతేనే రంపం జుట్టు. కోడి తన పిల్లకు ఒక గింజే ఇస్తుంది, ఏది ఇస్తుందో మన చేతిలో లేదు. పుస్తకంలో బహిర్గతం, అంతర్గతం అని రాసేది దీని గురించే.

దీన్నిబట్టి ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. రంపం జుట్టు కోడి లోపల ఏమీ దాచుకోలేదు. పొట్టి జుట్టు కోడి దాచుకుని ఉండవచ్చు. నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే.

2021 సంక్రాంతికి ముందు ఒక డేగ పుంజును ఆరు వేలు పోసి తెచ్చాను. మేలైన అసీల్, కల్తీ లేనిది అన్నారు. చూడటానికి అలాగే ఉంది. మా నాలుగు రంపం జుట్టు పెట్టలతో వదిలాను. మొదటి పొదుగులో పదకొండు పిల్లలు లేచాయి. ఆరింటికి పొట్టి జుట్టు, ఐదింటికి రంపం. అమ్మినాయన్ని అడిగితే, ‘మీ పెట్టలు మంచివి కావమ్మా, అందుకే అలా వచ్చాయి’ అన్నాడు. నేనూ నమ్మాను. ఆ రాత్రి గింజలు పెట్టి చూసుకుంటే సంగతి తెలిసింది. పెట్టలు ఇచ్చేది ఎలాగూ ఈతగింజే. పుంజు దగ్గర రెండూ చింతపిక్కలే ఉంటే ప్రతి పిల్లా పొట్టి జుట్టుతో లేవాలి. ఐదు పిల్లలు రంపం జుట్టుతో వచ్చాయంటే ఆ ఐదింటికీ తండ్రి కూడా ఈతగింజ ఇచ్చినట్టే. కలగలుపు ఉన్నది పుంజులోనే.

తర్వాత ఆ పుంజును పట్టుకుని వెలుగులో చూస్తే, జుట్టు మూడు వరసల్లో నడిమిది మిగతా రెండింటికన్నా ఎత్తుగా, కొంచెం ఒంకరగా ఉంది. లోపల ఈతగింజ దాచుకున్న పొట్టి జుట్టు కోళ్లలో ఇలా నడిమి వరస పెరగడం తరచుగా కనిపిస్తుంది. తప్పకుండా కనిపిస్తుందని కాదు. కానీ కొనేటప్పుడు నేను ఇప్పుడు మొదట చూసేది అదే.

పుంజును పరీక్ష చేయడం

కాబట్టి పుంజును నమ్మే ముందు పరీక్ష చేయండి. పొట్టి జుట్టు పుంజును రెండు మూడు రంపం జుట్టు పెట్టలతో విడిగా పెట్టి గుడ్లు పొదిగించండి. ఒక్క పిల్ల రంపం జుట్టుతో లేచినా పుంజు కలగలుపే, ఇంక లెక్క అక్కర్లేదు. వరసగా ఏడు పిల్లలు పొట్టి జుట్టుతోనే వస్తే దాదాపు నమ్మవచ్చు. కలగలుపు పుంజుకు పిల్ల పిల్లకూ సగం సగం అవకాశం కదా, ఏడుకు ఏడూ పొట్టి జుట్టుతో రావడం 128 సార్లలో ఒక్కసారే జరుగుతుంది. పెట్టను పరీక్షించడం కన్నా పుంజును పరీక్షించడం తేలిక, ఎందుకంటే ఒకేసారి మూడు పెట్టల గుడ్లు దొరుకుతాయి.

రెండు కలగలుపు కోళ్లను కలిపితే నాలుగింట మూడు పొట్టి జుట్టు, ఒకటి రంపం అని లెక్క. మా పక్కింటి వదిన నాలుగు పిల్లలు లేచిన రోజు వచ్చి, ‘ఒకటి రంపం రావాలన్నావు, ఒక్కటీ రాలేదేం?’ అంది. నాలుగు పిల్లలతో లెక్క సరిపోదు వదినా, నలభై పిల్లలు చూడాలి అన్నాను. ఆ పొట్టి జుట్టు మూడు వంతుల్లో ఒక వంతు మాత్రమే రెండు చింతపిక్కలవి. పైకి మూడూ ఒకలాగే ఉంటాయి. మళ్లీ పరీక్షే గతి. నాటు పుంజు తయారవడానికి ఆరేడు నెలలు, పొదుగు 21 రోజులు, అంటే ఒక జవాబుకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. తొందర ఉన్నవాళ్లకు ఇది కుదిరే పని కాదు.

పరీక్షలో చాలామంది చేసే తప్పు పాత పుంజును తీసేసిన మర్నాడే గుడ్లు ఏరడం. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు వారాలకు పైగా నిలుస్తుంది. నేను మూడు వారాలు ఆగుతాను. ఆ మూడు వారాల గుడ్లు అట్టుకు పోతాయి, పొదుగుకు కాదు. మొదటి ఏడాది ఇలా ఆగకపోవడం వల్ల ఒక పొదుగంతా ఏ పుంజు పిల్లలో తెలియక లెక్క పోయింది.

గుడ్లు ఏరిన రోజే పెన్సిలుతో పెట్ట నంబరు, తేదీ రాయండి. పెన్ను వాడకండి. సన్న మొన కిందికి ఉండేలా చల్లటి చోట పెట్టి, వారం లోపు పొదగేయండి. ఒక నాటు పెట్ట కింద పది పన్నెండు గుడ్లు చాలు. నేను కార్తీకం నుంచి మాఘం దాకానే జతలు కట్టిస్తాను. మా దగ్గర ఎండాకాలంలో బయట పెట్టిన గుడ్డు వారం రోజులు నిలవదు. గంపలో ఎండుగడ్డి కింద కాసిని వేపాకులు వేస్తే పెట్టకు పేలు తక్కువ పడతాయి, ఇది మా అత్తయ్యగారి పద్ధతి.

లేచిన పిల్లలకు జత జతకూ ఒక రంగు దారం కాలికి కడతాను. ఇందులో నాకు ఒక తప్పు జరిగింది, అది చెప్పాలి. ఒకసారి పెళ్లి పనుల్లో పడి పదిహేను రోజులు చూడలేదు. కాలు లావెక్కి దారం చర్మంలోకి దిగిపోయి ఒక పిల్ల కుంటిదైంది. వారానికి ఒకసారి ప్రతి దారం విప్పి వదులుగా కట్టి తీరాలి. అంత తీరిక లేకపోతే దారం కట్టనే కట్టకండి, ఒక జత పిల్లలను ఒక గదిలో విడిగా పెంచండి.

గులాబీ, అక్రోటు సంగతి మన పెరళ్లలో తక్కువ, క్లుప్తంగా చెబుతాను. గులాబీ తురాయి కోడిని అసీల్‌తో కలిపితే పిల్లలకు రెండూ కాకుండా అక్రోటు జుట్టు వస్తుంది. ఆ అక్రోటు పిల్లలు పెద్దయ్యాక వాటిలో వాటిని కలిపితే పదహారింట తొమ్మిది అక్రోటు, మూడు గులాబీ, మూడు పొట్టి, ఒకటి రంపం అని లెక్క. తాతల్లో ఎవరికీ లేని రంపం జుట్టు మళ్లీ పైకి వస్తుందన్నమాట. ఇంగ్లండులో విలియం బేట్సన్ 1902లో మెండెల్ అనువంశికత సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని చూపించింది కోళ్ల జుట్టుతోనే. ఆ తర్వాత ఆయనతో కలిసి కోళ్ల మీద పనిచేసిన పున్నెట్ పేరే మా అమ్మాయి గీసిన గళ్ల పట్టికకు ఉంది. ఇంకొక్క హెచ్చరిక. రెండు వైపులనుంచీ గులాబీ గింజే వచ్చిన పుంజుల్లో బీజానికి కదలిక తక్కువ, గుడ్లు ఎక్కువ మురిగిపోతాయి. అందుకని గులాబీ తురాయి పెంచేవాళ్లు లోపల రంపం గింజ ఉన్న పుంజును కావాలనే ఉంచుకుంటారు.

రంపం జుట్టును తప్పుగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడను. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడి పోయే దారుల్లో జుట్టు ఒకటి. గుడ్ల కోసం పెంచే పెట్టకు మే నెలలో పెద్ద రంపం జుట్టు ఉండటం మంచిదే.

రంగులు

మన వాళ్లు రంగులకు పెట్టినన్ని పేర్లు ఇంకెక్కడా లేవేమో అనిపిస్తుంది. ఒళ్లంతా నలుపు కాకి, తెలుపు సేతువ, ఎరుపు డేగ. మెడ మీద నల్ల ఈకలుంటే సవల, నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల. నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే కౌజు. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. తెలుపు మీద అక్కడక్కడ నల్ల ఈకలుంటే పింగళ. ఊరూరికీ కొంచెం తేడా ఉంటుంది. ఈ పేర్లు పైకి కనిపించేదాన్ని బట్టి పెట్టినవి. ఒకే పేరున్న రెండు కోళ్లు లోపల వేరు వేరుగా ఉండవచ్చు.

కాకిని డేగతో కలిపితే పిల్లలు దాదాపు నల్లగానే వస్తాయి. పుంజుల్లో మాత్రం మెడ మీద, భుజం మీద ఎర్ర ఈకలు పొడచూపుతాయి. అలా ఎరుపు తగిలిన నల్ల పుంజు లోపల రెండో రంగు ఉందని తెలుసుకోండి. నిఖార్సైన కాకి వరస కావాలంటే దాన్ని పుంజుగా ఉంచకండి. ఇక్కడే ఒక కంగారు వస్తుంది. కాకి పిల్ల లేచినప్పుడు వీపు నల్లగా, పొట్టా రెక్కల చివర్లూ లేత పసుపు తెలుపుగా ఉంటాయి. ‘నల్లకోడికి తెల్ల పొట్ట పిల్ల పుట్టిందే’ అని తీసేసినవాళ్లను చూశాను. ఆ తెలుపు ఈకలు మారేటప్పటికి పోతుంది.

డేగలో నాకు ఎక్కువ ఇష్టమైన ముడి ఇది. రెండు డేగ పుంజులు పక్కపక్కన నిలబడితే అచ్చు ఒకేలా ఉంటాయి. ఒకదాని ఆడపిల్లలు గోధుమ పిండి రంగులో, రొమ్ము లేత మీగడ రంగులో వస్తాయి. ఇంకోదాని ఆడపిల్లలు వీపంతా కౌజుపిట్టలా సన్నని మచ్చలతో వస్తాయి. పుంజును చూసి చెప్పలేం, పిల్లను చూసి చెప్పవచ్చు. లేచిన రోజు పిల్ల వీపు మీద ఉడుతకున్నట్టు చారలుంటే అది కౌజుపిట్ట రకం. చారల్లేకుండా మీగడ రంగులో ఉంటే గోధుమ రకం. నేను పిల్లల్ని చేతిలోకి తీసుకోగానే నుదురు చూసి, వెంటనే తిప్పి వీపు చూస్తాను.

తెలుపులో రెండు రకాలున్నాయి, పైకి తేడా తెలియదు. ఒకటి మిగతా రంగులను కప్పేసే తెలుపు. లెగ్‌హార్న్ తెలుపు ఇదే. దాన్ని కాకితో కలిపితే పిల్లలు తెల్లగానే వస్తాయి, అక్కడక్కడ ఒకటి రెండు నల్ల ఈకలు తప్పితే. ఈ తెలుపు నలుపును బాగా కప్పుతుంది గానీ ఎరుపును అంతగా కప్పలేదు. అందుకే డేగతో కలిపితే మెడా రొమ్మూ ఎర్రబారుతాయి. రెండోది దాగి ఉండే తెలుపు. దాన్ని కాకితో కలిపితే అన్నీ రంగు పిల్లలే, తెలుపు జాడ ఉండదు. ఆ రంగు పిల్లల్ని వాటిలో వాటిని కలిపితే నాలుగింట ఒకటి తెల్లగా లేస్తుంది. రంగు కోళ్లకు ఉన్నట్టుండి సేతువ పుడితే ఎవరి పుంజో దూకిందని అనుమానపడకండి, ముందు మీ నోట్‌బుక్ చూడండి.

బూడిద రంగుకూ ఇలాంటి పరీక్షే. బూడిద కోడిని కాకితో జత కట్టండి. మొదటి తరంలోనే సగం పిల్లలు బూడిదగా వస్తే, అది నలుపును సగం పలచన చేసే గుణం. అలాంటివి రెండు కలిస్తే నాలుగింట ఒకటి నలుపు, రెండు బూడిద, ఒకటి మాసిన తెలుపు మీద మచ్చలతో వస్తుంది. ఆ మచ్చల కోడిని తీసేయకండి. దాన్ని కాకితో కలిపితే పిల్లలన్నీ బూడిదే. మొదటి తరంలో ఒక్కటీ బూడిద రాకపోతే అది దాగి ఉండే రకం.

ఇక కోళ్లలో ఆడా మగా తేల్చేది తల్లి. కొన్ని గుణాలు ఆ ఆడామగా తేల్చే గింజ మీదే కూర్చుని ఉంటాయి. అవి పుంజుకు రెండుంటాయి, పెట్టకు ఒకటే. పెట్ట ఆ ఒక్కదాన్ని కొడుకులకే ఇస్తుంది. దీనితో రెండు మంచి ఉపయోగాలున్నాయి. నలుపు తెలుపు అడ్డగీతల ప్లైమౌత్ రాక్ పెట్టను గీతల్లేని కాకి లేదా డేగ పుంజుతో కలపండి. లేచిన రోజే నల్ల పిల్లల నడినెత్తిన తెల్ల మచ్చ ఉంటే పుంజుపిల్ల, లేకపోతే పెట్టపిల్ల. పుంజును గీతలదిగా, పెట్టను నల్లదిగా తిప్పి కలిపితే మాత్రం ఇది పనిచేయదు.

రెండోది కడక్‌నాథ్. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చర్మం, మాంసం, జుట్టు అన్నీ నల్లన. కడక్‌నాథ్ పుంజును పసుపు లేదా తెల్ల కాళ్ల నాటు పెట్టతో కలిపితే ఆడపిల్లలు బాగా నల్లబడతాయి, మగపిల్లలు నలుపు తగ్గి వస్తాయి. అదే కడక్‌నాథ్ పెట్టను మేలైన తెల్ల కాళ్ల పుంజుతో కలిపితే ఆడా మగా రెండూ లేత రంగులోనే ఉంటాయి. నలుపు పోయిందని ఆ పెట్టను తిట్టకూడదు, జత తిరగేసి కట్టించామంతే.

ఒక్క మాట వనరాజా, గ్రామప్రియ కోళ్ల గురించి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన ఈ కోళ్లు గుడ్లకూ మాంసానికీ బాగుంటాయి, నా దగ్గరా ఉన్నాయి. కానీ అవి వేరు వేరు వరసల్ని కలిపి చేసినవి. వాటి పిల్లలు వాటిలా రావు. రంగు వరస నిలపాలనుకునే గదిలోకి వాటి పుంజును రానివ్వకండి.

నా నోట్‌బుక్‌లో ఒక జత ఇలా ఉంటుంది: ‘పుంజు 9, కాకి, పొట్టి జుట్టు, నడిమి వరస సమానం. పెట్ట 14, డేగ, రంపం. గుడ్లు 12, లేచినవి ఎన్ని. పొట్టి ఎన్ని, రంపం ఎన్ని. వీపు చారలు ఎన్ని. చనిపోయినవి.’ చనిపోయిన పిల్ల జుట్టూ రాయాలి, అది వదిలేస్తే లెక్క తప్పుతుంది. అన్నాచెల్లెళ్లను జత కట్టించకుండా కాపాడేది కూడా ఈ పుస్తకమే. రెండేళ్లకొకసారి బయటి పుంజును తెచ్చి, కొక్కెర తెగులు టీకా వేయించి, విడిగా ఉంచి, పరీక్ష చేశాకే గదిలోకి వదులుతాను.

ఇప్పుడు పరీక్షలో ఉన్నది ఆ తొమ్మిదో నంబరే. రాత్రి దాకా ఐదు పిల్లలు లేచాయి, ఐదూ పొట్టి జుట్టే. గంప కింద ఇంకా ఏడు గుడ్లున్నాయి, రెండింటికి చిల్లు పడింది.